మొగలోనే, పంతులుబాబూ

రామం చేపల కంపెనీలో చేరాడని తెలిసిన రోజు బరంపురం గోసాని నువాగాంలో వాళ్ళ వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. వేలేసుకోక ఏం చేస్తుంది? తండ్రి బతికున్నన్నాళ్ళూ బడిలో భూగోళం చెప్పిన పంతులు. తాత గుళ్ళో అర్చకుడు. ఏకాదశి నాడు ఉల్లిపాయ కూడా గడప తొక్కని ఇల్లు. అలాంటింట్లో పుట్టినవాడు చందువ చేపకీ కోనాం చేపకీ తేడా తెలుసుకోవడానికి తెల్లారేసరికి సముద్రం ఒడ్డున ఉండడమంటే చిన్న విడ్డూరమా? తల్లి అచ్చమ్మ కొడుకుని వీధి గుమ్మంలోంచి రానివ్వడం మానేసింది. పెరటి తలుపు తీసి, నూతి దగ్గర నాలుగు చేదల నీళ్ళు నెత్తిన గుమ్మరించాకే, "రా నాయనా, అన్నం చల్లారిపోతోంది" అనేది. భార్య బాలామణి ఆవిడ వెనక నిలబడి పమిటతో నవ్వు దాచుకునేది.

ఆ ఉద్యోగం ఎలా పుట్టిందో ముందు చెప్పుకోవాలి. అది రెండువేల తొమ్మిదో సంవత్సరం. వచ్చే జనవరి ఒకటి నుంచి ఏ పడవ, ఏ రోజు, సముద్రంలో ఏ చోట పట్టిందో రాసిన కాగితం లేకుండా ఒక్క చేపని కూడా తమ రేవుల్లో దిగనివ్వమని ఐరోపా దేశాలవాళ్ళు కబురు పెట్టారు. దొంగవేటని అరికట్టడానికట. మంచి మాటే. కబురందగానే సర్కారు తన పద్ధతిలో తాను సిద్ధమైంది. బరంపురంలో సభ పెట్టి, తెర మీద బొమ్మలు చూపించి, సమోసాలు పంచి, సముద్రాన్ని గళ్ళు గళ్ళుగా కోసి, గడికో నంబరు వేసి పటం పంచింది. ఒక్కో గడి అటు పది కిలోమీటర్లు, ఇటు పది. కంపెనీ కూడా ఊరుకోలేదు. పేజీలకి నంబర్లు గుద్దిన పుస్తకాలు కుట్టించి, వాటిని నింపడానికి గుమస్తాలని పెట్టుకుంది. పొడంపేట మాత్రం దేనికీ సిద్ధం కాలేదు. ఋషికుల్య సముద్రంలో కలిసే చోట, ఇసకలో, ఇరవయ్యేడు పడవలతో ఎప్పుడూ ఎలా ఉండేదో అలాగే ఉంది.

ఆ పొడంపేటే రామానికి పడింది. పుస్తకాలు సరిగ్గా ఉంటే ఊరి పేరు కంపెనీ జాబితాలో ఉంటుంది. లేదంటే, జనవరి నుంచి ఆ ఊరి చేపని కంపెనీ ముట్టుకోదు. ఐసు పెట్టెల లారీ రాకపోతే పట్టిన చేపని ఎండబెట్టుకోవడమే తప్ప వాళ్ళకి ఇంకో దారి లేదు.

చేప ఒడ్డెక్కేదాకా మగవాళ్ళ రాజ్యం, ఎక్కాక ఆడవాళ్ళది. ఆ రాజ్యానికి దేముడమ్మ రాణి. చేపల వేలం పాట పాడేది ఆవిడే. గొంతెత్తిందంటే అవతలి గట్టు మీద కాకులు లేచిపోయేవి. రామం పుస్తకం తెరిచిన మొదటి రోజునే ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని ఎదురుగా నిలబడింది.

"ఏటి రాస్తావు పంతులుబాబూ ఆ పుస్తకంల? రేపు మా మీద కేసులెట్టడానికేనా?"

"అయ్యో, కేసులేమిటి దేముడమ్మా! ఇది మీ మంచికే. దీనివల్ల ఈ ఊరికి వీసమెత్తు కష్టం వచ్చినా నాదీ పూచీ" అన్నాడు రామం. ఎవరూ అడక్కుండానే మాట ఇచ్చేయడం ఆ వంశానికి పుట్టుకతో వచ్చిన జబ్బు.

మర్నాడే మొదటి తప్పు జరిగింది. పడవని నీళ్ళలోకి తోస్తున్న కూర్మారావు దగ్గరికెళ్ళి, కలం తీసి, "ఎక్కడికి పెద్దాయనా?" అని అడిగాడు. ఊళ్ళో అందరికంటే పెద్ద వేటగాడు కూర్మారావు. అరవై దాటినా ఆయన చూపు గద్దచూపు. ఆ మనిషి తెడ్డు కింద పడేసి, వెనక్కొచ్చి, ఇసకలో చతికిలబడి, చెంబెడు నీళ్ళు అడిగాడు. ఆయన్ని చూసి మిగతా ఇరవయ్యారు పడవలూ ఆగిపోయాయి.

"ఎల్లీవోడిని ఎక్కడికని అడుగుతారేటయ్యా ఎవులైనా? సదువుకున్నోడివి కదా!" అని దేముడమ్మ దులిపేసింది. నీళ్ళు తాగి, కాస్సేపు కూర్చుని, మళ్ళీ కొత్తగా బయల్దేరినట్టు బయల్దేరేసరికి పొద్దు బారెడెక్కింది. రామానికి సిగ్గేసింది. వాళ్ళమ్మ కూడా ఇంట్లో అదే మాట అంటుంది కదా, ఎక్కడికని అడక్కురా అని! మనకి ఉన్న శకునం అవతలివాడికి ఉండదనుకోవడం మన గొప్ప.

ఆ తర్వాత వారంలోనే, వేట ఎలా చేస్తారో కళ్ళారా చూస్తానని పట్టుబట్టి కూర్మారావు పడవెక్కాడు. మూడో కెరటం దాటకుండానే పొద్దున తిన్న ఉప్మా సముద్రుడికి సమర్పించేశాడు. "పంతులుబాబు సేపలికి మేతెట్టడానికొచ్చినాడ్రా!" అని కూర్మారావు పడవ వెనక్కి తిప్పించాడు. ఒడ్డున నవ్వని మనిషి లేడు.

అప్పట్నుంచి రామం బుద్ధిగా ఒడ్డునే కూర్చుని, పడవ తిరిగొచ్చాకే అడిగేవాడు.

"ఎక్కడేశారు వల?"

"మొగలోనే, పంతులుబాబూ."

మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. ఊరికి కూతవేటు దూరం. రామం రాసుకునేవాడు. తర్వాతి పడవ వచ్చేది. "ఎక్కడ?" "మొగలోనే." ఇంకోటి. "మొగలోనే." ఇరవయ్యేడు పడవలూ, నవంబరు ఒకటో తారీఖు నుంచి డిసెంబరు పదో తారీఖు దాకా, సిరాతో, వేలిముద్రలతో, మొగలోనే. ఆ పడవలు కనుచూపు మేర దాటిపోవడం రామం రోజూ చూస్తూనే ఉన్నాడు. అయినా చెప్పింది రాసుకునేవాడికి చూసిందెందుకు? గుమస్తా బుద్ధి అంతే.

డిసెంబరు పదకొండున బరంపురం ఆఫీసులో మేనేజరు భీమేశ్వరరావుగారు ఆ పుస్తకాలు తిరగేశారు. రెండో పేజీకి కళ్ళజోడు తీశారు. పదో పేజీకి కుర్చీలోంచి లేచారు.

"ఏమయ్యా రామం! నవంబరు నుంచి మే దాకా ఆ మొగ దగ్గర వేట నిషేధం. తాబేళ్ళు గుడ్లు పెట్టడానికొచ్చే చోటది. బరంపురంలో పసిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. ఇరవయ్యేడు పడవలవాళ్ళ చేత నేరం ఒప్పించి, వేలిముద్రలు కూడా వేయించుకొచ్చావు కదయ్యా!"

తాబేళ్ళ సంగతి రామానికీ తెలుసు. కానీ ఇన్నాళ్ళూ మొగ అనేది అతని చెవికి ఒక జవాబుగా వినపడింది గాని ఒక చోటుగా వినపడలేదు.

"విదేశాలవాళ్ళు తనిఖీకి పదిహేడున వస్తున్నారు. పేజీలకి నంబర్లున్నాయి, చింపడానికి లేదు. చూపిస్తే ఆ పడవల రిజిస్ట్రేషన్లు పోతాయి. చూపించకపోతే పొడంపేట జాబితాలోంచి పోతుంది. ఏం చేస్తావో చెయ్యి" అన్నారు భీమేశ్వరరావుగారు. కోపంతో కాదు, జాలితో అన్నారు. ఆ జాలే రామానికి ఎక్కువ గుచ్చుకుంది.

ఆ మధ్యాహ్నమే పొడంపేట వెళ్ళాడు. బస్సులో ఒకటే ఆలోచన. నాదీ పూచీ అన్నాడు. ఆ మాటని నమ్మే కదా వాళ్ళు వేలిముద్రలేశారు! ఊరంతా వలలు బాగుచేసుకుంటూ ఒడ్డునే ఉంది. రామం పుస్తకం ఇసకలో పెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మొదట దేముడమ్మ పగలబడి నవ్వింది.

"ఓలమ్మో! ఎక్కడేసినావంటే నిజిం సెప్పీస్తారేటి పంతులుబాబూ? మా తాతలూ అదే అన్నారు, మావూఁ అదే అంటన్నాం. సేపలు దొరికిన సోటు సెప్పుకుంటే దిష్టి తగలదా? పక్కోడు ఎల్లి వల ఎయ్యడా? అందుకే మొగలోనే అంటాం. అడిగినోడికీ తెలుసు, సెప్పినోడికీ తెలుసు."

"నాకు తెలీలేదు దేముడమ్మా" అన్నాడు రామం.

అప్పటికి గాని ఆవిడ నవ్వు ఆగలేదు. కూర్మారావు కొడుకు కొండబాబు ముందుకొచ్చాడు. పాతికేళ్ళవాడు, వేడి నెత్తురు. "నీ పూచీ ఏటైపోనాది మరి? సెప్పు!" అన్నాడు. రామం తల దించుకున్నాడు. తప్పు తనదే. కళ్ళ నీళ్ళు వచ్చాయి.

"ఒరే, ఊరుకో" అన్నాడు కూర్మారావు. "అబద్దం ఆడింది మనం. రాసినోడిని అంటావేటి?"

ఆ ఒక్క మాటకి రామం జన్మంతా రుణపడిపోయాడు. ఇప్పటికీ ఎవరైనా న్యాయం గురించి మాట్లాడితే అతనికి ఆ ముసలాయనే గుర్తొస్తాడు.

మర్నాడు పొద్దున్నే మత్స్యశాఖ అధికారి దగ్గరికి పరిగెత్తాడు. ఆయన ఒడియా మనిషి, ఊళ్ళు తిరిగి తిరిగి తల నెరిసినవాడు. అంతా విని, టేబిలు మీది పటం ముందుకి జరిపాడు. మొగ దగ్గర వల వెయ్యలేదని నిజంగా రుజువైతే, ఒక్కొక్కడూ సంతకంతో వాంగ్మూలం ఇస్తే, సరిదిద్దిన పుస్తకం తానే ధ్రువీకరిస్తానన్నాడు. డీజిలు లెక్కా, పడవలు వెళ్ళొచ్చిన వేళలూ తను చూసుకుంటాడు. "వాళ్ళ చోటు మాకెందుకు బాబూ? గడి నంబరు చాలు. ఇంత పెద్ద గడిలో ఎవడి చోటు ఎవడికి దొరుకుతుంది?" అన్నాడు. సర్కారులో ఇలాంటివాళ్ళు ఒక్కరున్నా చాలు, మిగతావాళ్ళ సమోసాలు క్షమించెయ్యొచ్చు.

కానీ గడి నంబరు వేటగాళ్ళకి తెలిస్తేగా! వాళ్ళకి తెలిసింది ఆనవాళ్ళు. నడిసముద్రంలో నిలబడి ఒడ్డువైపు చూస్తే, ఫలానా తాడిచెట్టు ఫలానా కొండ కొమ్ము కిందకి రావాలి. మరోపక్క ఫలానా మేడ ఫలానా గుడి వెనక్కి పోవాలి. ఆ రెండు చూపులూ కలిసిన చోట నీళ్ళ అడుగున రాళ్ళుంటాయి, రాళ్ళ చుట్టూ చేపలుంటాయి. ఒక్కో ఇంటికి ఒక్కో ఆనవాలు. తండ్రి చివరి రోజుల్లో కొడుకు చెవిలో చెప్పాలే గాని, అంతకుముందు కొడుకు కూడా అడక్కూడదు. పడవలో పక్కనే కూర్చున్నవాడికైనా ఏ చెట్టుని ఏ కొండకి కలుపుతున్నారో అంతుపట్టదు. ఆ చెట్టునీ కొండనీ పటం మీద పెట్టి గీతలు గీస్తే గడి తెలుస్తుంది. భూగోళం పంతులు కొడుకు కాబట్టి గీతలు గీయడం రామానికి వచ్చు. అయితే ఇరవయ్యేడు ఇళ్ళ గుట్టూ అతని చెవిన పడాలి.

ఊరు ఆ పూటంతా తర్జనభర్జన పడింది. చివరికి తీర్పు చెప్పింది దేముడమ్మే. "మూడో కెరటం దాటనేని మనిసి. ఆడికి తెలిస్తే ఏటి, గట్టు మీద మేకకి తెలిస్తే ఏటి?"

రామం తన కడుపు చేసిన పనికి జీవితంలో మొదటిసారి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

దేముడమ్మ ఇంట్లోనే కచేరీ పెట్టారు. ఒక్కొక్కడే లోపలికొచ్చి, రామం చెవి దగ్గర నోరు పెట్టి చెప్పేవాడు. రామం చిత్తుకాగితం మీద గీతలు గీసి, గడి నంబరు పుస్తకంలోకి ఎక్కించి, ఆ కాగితం అతని కళ్ళముందే పొయ్యిలో పడేసేవాడు. ఒక్క మాటైనా బయటికి పొక్కకుండా దేముడమ్మ గుమ్మంలో బాసింపట్టు వేసుకుని, గొంతు చించుకుని వేలం పాట పాడింది. ముందు చేప లేదు, కొనేవాడు లేడు. "కోనాం! కోనాం! ఏనుగంత కోనాం! ఎవులు పాడతారో పాడండి!" రెండు రోజులు లేని చేపని అమ్మింది మహాతల్లి. ఆ కోనాం తూకం మూడో పూటకి ఏనుగుని దాటిపోయింది.

కూర్మారావు అందరికంటే ఆఖర్న వచ్చాడు. పీట మీద కూర్చున్నాడు.

"నా కొండబాబుకే సెప్పనేదు నాను ఇంకా. ఆడికి తొందర, ఓపిక నేదు. టైమొచ్చినప్పుడు సెప్తాను. మా అయ్య కూడా సచ్చీముందే సెప్పినాడు నాకు." రామం వైపు తిరిగాడు. "నీకు సెప్పీసినాక నువ్వు మరిసిపోవాల. మాటియ్యి."

"మర్చిపోతాను పెద్దాయనా. మాట" అన్నాడు రామం, చేతిలో చెయ్యేసి.

ముసలాయన చెవిలో చెప్పాడు. ఏం చెప్పాడో ఈ కథ చెప్పేవాడికి తెలియదు, అడగడం తప్పు కూడాను. రామం గీతలు గీశాడు. పద్నాలుగో గడి. కాగితం పొయ్యిలో పడింది. ఇద్దరూ అది పూర్తిగా బూడిదయ్యేదాకా చూశారు.

పదిహేడున విదేశాలవాళ్ళు ఇద్దరు వచ్చారు. సరిదిద్దిన పుస్తకం చూశారు, అధికారి సంజాయిషీ విన్నారు, పైకి కిందకి చూసి, "ఈ పడవవాళ్ళు చెప్పిన చోటుకి తీసుకెళ్ళండి" అని కూర్మారావు పడవ మీదే వేలు పెట్టారు. కూర్మారావు వాళ్ళని ఎక్కించుకుని వెళ్ళాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. వాళ్ళ చేతిలోని యంత్రం పద్నాలుగో గడేనని చూపించిందట. సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

"నీ చోటు వాళ్ళకి చూపించేశావా పెద్దాయనా?" అని బాధగా అడిగాడు రామం.

"గడిలోకి తీసుకెల్లమన్నారు, తీసుకెల్లినాను" అన్నాడు కూర్మారావు బీడీ వెలిగించుకుంటూ. "అటు కొసకి. ఆడ నెత్తళ్ళు కూడా దొరకవు."

పొడంపేట పేరు జాబితాలో నిలిచింది. ఆ సాయంత్రం దేముడమ్మ, చేప తినని పంతులుకి ఏమివ్వాలో తెలియక, గుడ్డలో చుట్టి రెండు మొగలిపూలు ఇచ్చింది. ఇల్లంతా ఘుమఘుమలాడింది. అచ్చమ్మ ఒక పువ్వు దేవుడి దగ్గర పెట్టి, రెండోది బాలామణి జడలో తురిమింది. ఎక్కడివని అడిగింది. రామం మొదట్నుంచీ చెప్పాడు. పూచీ సంగతి, "రాసినోడిని అంటావేటి" అన్న సంగతి, లేని కోనాం సంగతి. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మర్నాటి నుంచి వీధి తలుపే తీసింది. నూతి దగ్గర స్నానం మాత్రం తప్పలేదనుకోండి.

ఆరేళ్ళు గడిచాయి. నడుమ తుఫానొచ్చింది, ఊరు ఒడ్డు నుంచి వెనక్కి జరిగింది. రామం జుట్టు పలచబడింది. ఓ మాఘమాసం పొద్దున ఒడ్డుకి వెళ్ళేసరికి దేముడమ్మ పాట పాడడం లేదు. ముందురోజు కూర్మారావుకి పక్షవాతం వచ్చిందట. ప్రాణం దక్కింది గాని మాట పడిపోయింది.

మూడు వారాలు రామం చూస్తూనే ఉన్నాడు. కొండబాబు రోజూ వెళ్తున్నాడు, ఖాళీ వలతో వస్తున్నాడు. నాలుగో వారం పడవ తియ్యలేదు. రామం దగ్గరికొచ్చి ఇసకలో కూర్చున్నాడు. వేడి నెత్తురంతా ఎక్కడికి పోయిందో!

"అయ్య సెప్పనేదు, నానడగనేదు. అడక్కూడదు గదా. ఇప్పుడు సెప్దామని నోరు తెరుస్తాడు, ఊఁ ఊఁ అంటాడు, ఏడుస్తాడు. సూళ్ళేకపోతన్నాను పంతులుబాబూ. పడవ అమ్మీసి సూరత్ ఎలిపోతాను. ఆడ మిల్లుల పని దొరుకుతాది."

రామం లేచాడు. "మీ నాన్న దగ్గరికి పద" అన్నాడు.

కూర్మారావు నులకమంచం మీద ఉన్నాడు. కుడి చెయ్యి చచ్చుబడి ఉంది. గద్దచూపు మాత్రం అలాగే ఉంది. రామం మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"పెద్దాయనా, నన్ను క్షమించు. మర్చిపోతానని నీ చేతిలో చెయ్యేసి చెప్పాను. చాలా ప్రయత్నించాను. మిగతా ఇరవయ్యారూ పోయాయి గాని నీది పోలేదు. నీ అంతటివాడు నమ్మి చెప్పిన మాట ఎలా పోతుంది? మాట తప్పాను. చెప్పమంటావా?"

ముసలాయన కొడుకుని చూశాడు. రామాన్ని చూశాడు. కళ్ళలోంచి ధారగా నీళ్ళు కారాయి. ఎడమ చేత్తో రామం తల పట్టుకుని, కొడుకు చెవి వైపు తోశాడు.

రామం చెప్పాడు. గుమ్మంలో ఉన్న దేముడమ్మ, ఎవరూ చెప్పకుండానే, బయటికి తిరిగి గొంతెత్తింది. "కోనాం! కోనాం! ఏనుగంత కోనాం!" ఏడుస్తూనే పాడింది.

రెండు రోజుల తర్వాత కొండబాబు పడవ పొద్దువాలాక తిరిగొచ్చింది. చేప దింపడానికి నలుగురు వెళ్ళాల్సి వచ్చింది. కూర్మారావుని మంచంతో సహా మోసుకొచ్చి ఒడ్డున పెట్టారు. రామం పుస్తకం తెరిచాడు. ఊరంతా వింటోంది.

"ఎక్కడేశావు కొండబాబూ వల?"

కొండబాబు తండ్రి వైపు చూశాడు. ముసలాయన నోరు ఒక పక్కకే నవ్వింది.

"మొగలోనే, పంతులుబాబూ" అన్నాడు కొండబాబు.

"ఊఁ" అని రామం తల వంచుకుని, పద్నాలుగు అని రాసుకున్నాడు.